మంచాన పడనివ్వకండి

రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఒక కాలు పొట్టిగా కనిపిస్తుంది. ఆ పాదం బయటికి ఒరిగిపోయి చిటికెన వేలు పరుపుకి ఆనుకుని ఉంటుంది. మడమ లేపమంటే లేపలేదు. పెద్ద వయసు మనిషి పడ్డాక కాలు ఇలా కనిపిస్తే ఎక్స్‌రే దాకా పోకముందే వార్డుబాయ్ కూడా చెప్పేస్తాడు, తుంటి విరిగిందని. దానికి పెద్ద ప్రమాదమేదీ జరగక్కర్లేదు. తెల్లవారుజామున లేచి చీకట్లో గడప తట్టుకున్నా, తడిసిన షాబాద్ బండ మీద కాలు జారినా సరిపోతుంది. ముట్టు ఆగిపోయిన ఆడవాళ్లలో ఎముక ఏళ్ల తరబడి లోలోపల గుల్లబారుతూ వస్తుంది. అలాంటి ఎముక నిలబడ్డ ఎత్తు నుంచి పక్కకి పడ్డా తట్టుకోలేదు.

హైదరాబాద్ పురానాపూల్ చుట్టుపక్కల జారిపడే చోట్లకి కొదవ లేదు. జియాగూడ, ధూల్‌పేట, కార్వాన్, హుస్సేనీ ఆలం గల్లీల్లో పాత ఇళ్ల మెట్లు నిటారుగా, గడపలు ఎత్తుగా ఉంటాయి. ఇంటికీ బాత్రూంకీ మధ్య ఓ తడి వాకిలి ఉండనే ఉంటుంది. ఎండ నేల దాకా దిగని గల్లీలు బోలెడు. ఎముక గుల్లబారడానికి ఎండ తగలకపోవడం ఒక్కటే కారణమనీ అనుకోవద్దు. తిరుపతి స్విమ్స్ వైద్యుల అధ్యయనాల్లో రోజంతా ఎండలో పనిచేసే పల్లెవాళ్లలో కూడా విటమిన్ డి తక్కువగానే కనబడింది. పాశ్చాత్య దేశాలవాళ్లతో పోలిస్తే మనవాళ్లకి తుంటి ఎముక సుమారు పదేళ్లు ముందే విరుగుతోందన్నది మన ఆర్థో డాక్టర్లలో చాలామంది చెప్పే మాట.

పడ్డ మనిషిని ఆటోలో ఎక్కించాక ఎటు పోవాలన్నది ప్రశ్న. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ వంతెన దగ్గర నుంచి మూసీ వెంట కిందికి ఓ రెండు కిలోమీటర్లు పోతే అఫ్జల్‌గంజ్, అక్కడే ఉస్మానియా ఆస్పత్రి. కానీ చాలా ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఆస్పత్రి కాదు. హడ్డీలు కట్టే పహిల్వాన్, లేదంటే పుత్తూరు కట్టు. ఆ నమ్మకాన్ని వెక్కిరించాల్సిన పని లేదు. పిల్లల ముంజేయి పక్కకి జరగకుండా విరిగినప్పుడు వెదురు బద్దలు పెట్టి కదలకుండా కట్టినా అతుక్కుంటుంది, సిమెంటు కట్టు వేసినా అతుక్కుంటుంది. ఎముక అతుక్కోవడం ఒంటి గుణం. కట్టు చేసే పనల్లా కదలకుండా పట్టి ఉంచడమే.

తుంటి దగ్గర ఆ పట్టు దొరకదు. విరిగిన చోటుకి పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకుండా ఉండాలంటే ఛాతీ నుంచి కాలివేళ్ల దాకా కట్టాలి. అంత కట్టు కట్టినా తొడ కండరాలు విరిగిన ముక్కని పైకి లాగుతూనే ఉంటాయి. కాలు పొట్టిగా కనిపించడానికి కారణం ఆ లాగుడే. అందుకే పూర్వం ఆస్పత్రుల్లోనూ మంచం చివర బరువు వేలాడదీసి, కాలిని వారాల తరబడి ఎదురు లాగి ఉంచేవారు. కొందరిలో ఎముక అతుక్కునేది కూడా. మనిషి మాత్రం దక్కేది కాదు.

ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ తుంటి ఫ్రాక్చర్ గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. పెద్దవాళ్ల ప్రాణం తీసేది ఎముక కాదు, మంచం. వెల్లకిలా పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగ్గా తెరుచుకోదు. కఫం అక్కడే నిలిచి న్యుమోనియాగా మారుతుంది. కదలని కాలిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకి ఎగబాకుతుంది. పిరుదుల మీదా మడమల మీదా చర్మం కమిలి పడక పుండ్లు పడతాయి. మూత్రానికి పెట్టిన గొట్టం వెంట క్రిములు పాకుతాయి. 2007లో అమెరికా పరిశోధకులు 12 మంది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని 10 రోజులు మంచం దిగనివ్వకుండా ఉంచి కొలిచారు. ఆ పది రోజుల్లోనే వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. నొప్పి లేదు, రోగం లేదు, తిండికి లోటు లేదు. ఉత్తినే పడుకున్నందుకు అంత.

కాబట్టి తుంటి ఆపరేషన్ ఉద్దేశం ఎముకని అతికించడం కన్నా మనిషిని లేపి నిలబెట్టడం. ఏ రకం ఆపరేషన్ అన్నది ఎముక ఎక్కడ విరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. తొడ ఎముక పైకొసన గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ, ఆ కింద కండరాలు అతుక్కునే రెండు బొడిపెలు ఉంటాయి. తలకి రక్తం చేరవేసే సన్నటి నాళాల్లో ముఖ్యమైనవి మెడని అంటిపెట్టుకునే పైకి పోతాయి. మెడ విరిగి పక్కకి జరిగిందంటే అవీ తెగిపోతాయి. రక్తం అందని తల నెమ్మదిగా చచ్చి కుంగుతుంది. అలాంటి తలని మరలతో బిగించి నెలలు వేచి చూసే బదులు, పెద్దవాళ్లలో తీసేసి లోహపు తల పెడతారు. ఇళ్లలో ‘బాల్ మార్చారు’ అనేది దీన్నే. బొడిపెల దగ్గర విరిగితే రక్తానికి లోటుండదు, ఎముక అతుక్కుంటుంది. అతుక్కునేదాకా పట్టి ఉంచడానికి తొడ ఎముక లోపలికి కడ్డీ దింపి, దానిలోంచి తలలోకి పెద్ద మర ఎక్కిస్తారు. ఇది ‘రాడ్డు వేశారు’.

ఆ మర విషయంలో ఓ కొలత ఉంది, చూడముచ్చటైనది. ఆపరేషన్ బల్ల మీద కాలిని లాగి కట్టి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ సర్జన్ ముందుగా ఓ సన్నటి తీగని తలలోకి పంపుతాడు. ఎదుటి నుంచి చూస్తే నడుమనే ఉందనిపించిన తీగ, పక్కనుంచి చూస్తే ఓ అంచుకి తగులుతూ ఉండొచ్చు. అప్పుడు వెనక్కి లాగి మళ్లీ పంపాలి. విసుగు పుట్టించే పని. తీగ సరిగ్గా కూర్చున్నాకే దాని మీదుగా మర. మర కొన నుంచి తల కొస దాకా ఉన్న దూరాన్ని ఈ రెండు చూపుల్లోనూ కొలిచి కలిపితే 25 మిల్లీమీటర్లు మించకూడదు. 1995లో అమెరికా సర్జన్ బామ్‌గార్ట్‌నర్, ఆయన తోటివాళ్లు 198 ఫ్రాక్చర్లని ఇలా కొలిచారు. ఆ గీత దాటని వాటిలో ఒక్క మర కూడా తలని చీల్చుకుని బయటికి రాలేదు. కొత్త రకం రాడ్డు ఏ కంపెనీదని అడిగేవాళ్లు ఎక్కువ. తీగని రెండోసారి వెనక్కి లాగే ఓపిక ఉన్న సర్జన్ దొరకడం అంతకన్నా పెద్ద అదృష్టమని నా అభిప్రాయం.

ఎంత తొందరగా చేయాలి? బ్రిటన్‌లో 36 గంటల లోపు చేస్తే ఆస్పత్రికి అదనంగా డబ్బిచ్చే పద్ధతి 2010 నుంచి ఉంది. ఇంకా తొందరగా చేస్తే మరింత మేలా అని 17 దేశాల్లోని 69 ఆస్పత్రుల్లో 2,970 మంది మీద పరీక్షించారు. అందులో మన దేశమూ ఉంది. 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ఇది: ఫ్రాక్చర్ అని తేలిన 6 గంటల్లో ఆపరేషన్ అయినవాళ్లలో 90 రోజుల్లో 9 శాతం మంది, 24 గంటలకి అయినవాళ్లలో 10 శాతం మంది చనిపోయారు. అంటే చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ తొందరగా చేసినవాళ్లలో ఆపరేషన్ తర్వాత మతి తప్పి ఏదేదో మాట్లాడే స్థితి తక్కువ, లేచి నిలబడ్డదీ ముందే. ఆ లెక్కలో ‘ఆలస్యం’ అంటే ఒక్క రోజు. మనదగ్గర ఆలస్యం అంటే కథ వేరు. పహిల్వాన్ కట్టు విప్పేసరికి ఓ వారం. జెద్దా నుంచి కొడుకు దిగాలి. టూడీ ఎకో తీసి ‘ఫిట్‌నెస్’ ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ అనుమతి రావాలి. ఈలోగా చుట్టాల్లో ఒకరు తప్పకుండా అంటారు, ‘ఈ వయసుల ముసల్దానికి ఆపరేషన్ ఎందుకు సారూ, తట్టుకుంటదా’ అని.

తట్టుకోవడం గురించిన భయం నిజానికి మత్తు గురించిన భయం. దానికి ఈ మూసీ ఒడ్డున ఓ పెద్ద చరిత్రే ఉంది. ఉస్మానియా ఇప్పటి భవనం రాకముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1888, 1889ల్లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ల ప్రయోగాలు ఈ నగరంలోనే జరిగాయి. నడిపించినవాడు మెడికల్ స్కూల్ పెద్ద ఎడ్వర్డ్ లారీ, డబ్బిచ్చింది ఆరో నిజాం ప్రభుత్వం. రెండోసారి లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ దిగాడు. వందల కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు, క్లోరోఫాం గుండెకి చేటు చేయదని తేల్చారు. సగం తప్పు. గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. ఊపిరి మీద కన్నేయమన్న సగం మాత్రం ఇప్పటికీ మత్తు డాక్టర్లు తు.చ. తప్పకుండా పాటించేదే. ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ ఆ స్కూల్లోనే చదివారు.

నడుముకి సూదివేసి ఇచ్చే మత్తు పెద్దవాళ్లకి క్షేమమనీ, పూర్తి మత్తు ప్రమాదమనీ మనలో గట్టి నమ్మకం. 2021లో అమెరికా, కెనడాల్లో 1,600 మంది తుంటి రోగుల మీద రెంటినీ పోల్చి చూశారు. రెండు నెలల తర్వాత చనిపోయినవారూ, ఇంకో మనిషి సాయం లేకుండా నడవలేనివారూ కలిపి ఒక గుంపులో 18.5 శాతం, రెండోదాంట్లో 18 శాతం. కాబట్టి ఏ మత్తన్నది డాక్టర్‌కి వదిలేయొచ్చు. మత్తు భయంతో ఆపరేషన్ వాయిదా వేయడం మాత్రం దండగ.

ఇంత చేసినా తుంటి విరిగినవాళ్లలో ఏడాది తిరిగేలోగా 20 నుంచి 30 శాతం మంది పోతారు. బతికినవాళ్లలోనూ చాలామంది మునుపటంత నడవలేరు. ఈ లెక్కని ఆపరేషన్ మీద నెట్టడం అన్యాయం. గుండె, ఊపిరితిత్తులు, షుగర్, మతిమరుపు అప్పటికే ఉన్నవాళ్లే ఎక్కువగా పడతారు. అలాగని అందరికీ ఆపరేషన్ తప్పనిసరీ కాదు. ముందు నుంచే మంచంలో ఉండి, రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లకి నొప్పి తెలియకుండా చూసుకుంటూ ఆపరేషన్ మానుకోవడం కూడా సరైన వైద్యమేనని నెదర్లాండ్స్‌లో 2022లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ నిర్ణయం ఇంటిల్లిపాదీ డాక్టర్‌తో కూర్చుని తీసుకోవాలి. ఖర్చుకి జంకి మాత్రం తీసుకోకూడదు.

ఇక చీము సంగతి. తుంటి ఆపరేషన్ గాయం లోపల చీము పట్టేది తక్కువమందికే. నాటింగ్‌హామ్‌లో 3,600 మందికి పైగా రోగుల్ని గమనిస్తే లోతుగా సెప్టిక్ అయింది దాదాపు 1 శాతానికి. కానీ గాయానికి క్రిములు సోకినవారిలో సగంమంది ఏడాదిలోగా చనిపోయారు. మొత్తం రోగుల్లో అది 30 శాతం. లోహం అంత ప్రమాదాన్ని ఎందుకు తెస్తుందంటే దానికి రక్తం ఉండదు. ఆపరేషన్ చేసిన క్షణం నుంచి దాని మీదకి ఒంటి కణాలూ, క్రిములూ ఎవరు ముందు చేరతారన్న పోటీ మొదలవుతుంది. క్రిములు ముందు చేరితే చెరువు మెట్లకి పాచి పట్టినట్టు లోహానికి జిగురు పొర పట్టి, దాని లోపల దాక్కుంటాయి. బయట చంపగలిగిన యాంటీబయాటిక్ ఆ పొర లోపల ఏమీ చేయలేదు.

అందుకే మందు పాత్ర ఎక్కువగా కోతకి ముందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పిన ప్రకారం కోత పెట్టడానికి ముందు 2 గంటల లోపు యాంటీబయాటిక్ పడాలి. ఆపరేషన్ అయ్యాక కోర్సులు పొడిగించాల్సిన పని లేదు. వెంట్రుకలు రేజర్‌తో గీకకూడదు, ఆ గీతల్లోనే క్రిములు గూడు కడతాయి. ఈ రెండు చివరి మాటలూ మన నర్సింగ్ హోంల చెవికి ఇంకా సరిగ్గా ఎక్కలేదు. ఆపరేషన్ తర్వాత పది రోజులు ఇంజెక్షన్లు ఇస్తేనే ‘మంచి ట్రీట్‌మెంట్’ అనుకునే మనమూ అందులో భాగస్వాములమే.

తీరా చీము పట్టాక మందొక్కటే చాలదు. వారాల్లోపే బయటపడితే గాయం మళ్లీ తెరిచి, చచ్చిన కండంతా తీసేసి, కడిగి, మార్చగలిగిన భాగాలు మార్చి లోహాన్ని దక్కించుకునే ప్రయత్నం చేస్తారు. ఆలస్యమైతే లోహాన్నే తీసేయాలి. అప్పుడు నొప్పి తగ్గుతుంది, కాలు పొట్టిదవుతుంది, చేతికర్ర తప్పదు. ఆ తర్వాత ఆరు వారాల మందు. సెలైన్‌లో ఎక్కించే మందే బలమైనదన్న మాటని బ్రిటన్‌లో 1,054 మంది మీద పరీక్షించి 2019లో ఫలితం చెప్పారు. ఎముకల, కీళ్ల చీముల్లో ఇంజెక్షన్లతో చికిత్స విఫలమైంది 14.6 శాతం మందిలో, మాత్రలతో 13.2 శాతం మందిలో. చీములోని క్రిమి ఏదో ల్యాబ్‌లో పెంచి చూసి, దానికి తగ్గ మాత్ర ఎంచుకుంటే చాలన్నమాట.

రోడ్డు ప్రమాదాల్లో ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన గాయాల్లో ఇదే సూత్రం ఇంకా కరుగ్గా పనిచేస్తుంది. 1865లో గ్లాస్గోలో బండి చక్రం కింద కాలు నలిగిన పదకొండేళ్ల పిల్లవాడి గాయానికి జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. ఆ రోజుల్లో అలాంటి కాలు కోసేయడం మామూలు. ఆరు వారాల్లో ఆ కాలు మానింది. క్రిమినాశక యుగం అక్కడ మొదలైంది. అయితే నూటయాభై ఏళ్ల తర్వాత అలాంటి గాయాల్నే మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో 2,447 మందిలో సబ్బు నీళ్లతో కొందరికి, ఉత్త సెలైన్‌తో కొందరికి కడిగి చూశారు. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది సబ్బు వాడినవారిలో 14.8 శాతం, సెలైన్ వాడినవారిలో 11.6 శాతం. నీటిని ఎంత ఒత్తిడితో చిమ్మారన్నది తేడా చూపలేదు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ధారాళంగా సెలైన్ ఉంటే చాలు.

కడగడం కన్నా ముఖ్యమైనది కోసేయడం. సర్జన్ గాయంలోని కండని ఒక్కో తునకగా పరీక్షిస్తాడు. రంగు ఎర్రగా ఉందా, నల్లబడిందా? ఫోర్సెప్స్‌తో గిల్లితే ముడుచుకుందా? పట్టుకుంటే బిగువుగా ఉందా, చివికిపోతోందా? అంచు కోస్తే రక్తం చిమ్మిందా? నాలుగింటికీ జవాబు సరిగా రాని కండ ఎంత విలువైన చోట ఉన్నా తీసేయాల్సిందే. రక్తం అందని చోటికి మందూ అందదు. షుగర్ ఉన్నవాళ్లకి కాలి మీద చిన్న పుండు రాత్రికి రాత్రి తొడ దాకా ఎగబాకే భయంకరమైన జబ్బులోనూ అంతే. పైకి కనిపించే ఎరుపు కన్నా నొప్పి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటే అది మామూలు వాపు కాదు, గంటల్లో కోయాల్సిన కేసు. నొప్పి గోలీ మింగి తెల్లారేదాకా ఆగిన కుటుంబాలు కాలుతోనో ప్రాణంతోనో మూల్యం చెల్లిస్తాయి.

శుభ్రత గురించి ఇంత చెప్పుకున్నాక ఉస్మానియా గోడల్ని తలవకుండా ఉండలేం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద పాత అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని మింగేశాక, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఏడో నిజాం 1920లలో ఈ గుమ్మటాల భవనం కట్టించాడు. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చి మంచాల కింద నిలిచాయి. ఆ తర్వాత ఆ వారసత్వ భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. పురానాపూల్ వాళ్లకి అది ఇంకా దగ్గరే. అందులో ఎన్ని అంతస్తులన్నదాని కన్నా, తుంటి రోగికి రెండో రోజే థియేటర్ దొరుకుతుందా, పెద్దల వైద్యుడు ఆర్థో వార్డుకి రోజూ వస్తాడా అన్నవే నాకు పెద్ద ప్రశ్నలు. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో 397 మంది తుంటి రోగుల్లో సగంమందిని ఎముకల వార్డులో కాక పెద్దల వైద్య విభాగంలో ఉంచి చూశారు. నాలుగు నెలల తర్వాత వాళ్లే బాగా నడిచారు. ఆపరేషన్ ఇద్దరికీ ఒకటే. తేడా అంతా మందులు సరిచూడటంలో, తినిపించడంలో, మర్నాడే లేపి కూర్చోబెట్టడంలో.

మన ఇళ్లలో ప్రేమ కొద్దీ చేసే తప్పు ఇక్కడే. ‘పాపం, రాడ్డు వేశారు కదా, మూడు నెలలు కదలొద్దు’ అని అవ్వని మంచం దిగనివ్వరు. రాడ్డు వేసిందే కదలడానికి. డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప, మర్నాడే వాకర్ పట్టుకుని నిలబడాలి.

ఒకసారి తుంటి విరిగిన మనిషికి ఇంకో ఎముక విరిగే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. దానికి మందుంది. జోలెడ్రోనిక్ ఆమ్లం అని, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల లోపు 2,127 మందిలో కొందరికి దీన్ని మొదలుపెట్టి, 2007లో ఫలితం ప్రకటించారు. కొత్తగా ఎముక విరిగింది మందు పడనివారిలో 13.9 శాతానికి, పడినవారిలో 8.6 శాతానికి. చావులు కూడా 13.3 నుంచి 9.6 శాతానికి తగ్గాయి. కిడ్నీలు, కాల్షియం, విటమిన్ డి చూసుకుని ఇవ్వాల్సిన మందు, అందరికీ సరిపడకపోవచ్చు. కానీ చాలా డిశ్చార్జి కాగితాల్లో దీని ఊసే ఉండదు. రాడ్డు కంపెనీ పేరు ఉంటుంది, కుట్లు తీసే తేదీ ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లని తుంటి ఆపరేషన్ అయి ఇంటికి తీసుకొచ్చేటప్పుడు ఆ కాగితం ఓసారి చదవండి. గుల్లబారిన ఎముకకి మందేమీ రాయకపోతే, ఎందుకు రాయలేదని అక్కడే నిలబడి డాక్టర్‌ని అడగండి.